ముట్లుడిగిన పిమ్మట ఎముకల బలము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పలనాట నడివయసు దాటిన స్త్రీకి నడుము వంగినచో, వయసు మీరినది గనుక వంగినదని ఇంటివారు ఊరకుందురు. మిరపకోతలో, ప్రత్తితీతలో దినమంతయు వంగి పనిచేసినదానికి నొప్పి యుండక పోవునా యని ఆమెయు ఊరకుండును. ఒకనాడు దొడ్డిలో కాలు జారును, తుంటి విరుగును. అది మొదలు మంచమే. విరిగిన దాక ఎవరికిని తెలియకుండుటయే ఈ వ్యాధి స్వభావము. దీనినే ఎముకలు గుల్లబారుట యందురు.

ఎముక రాయివంటిది కాదు. పాతది అరుగుచు, క్రొత్తది చేరుచు నుండును. ఈ అరుగుదలను అదుపులో నుంచునది అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెన్. ముట్లుడిగినప్పుడు అది తగ్గిపోవును. తరువాతి కొన్ని యేండ్లలో ఎముక నష్టము మిక్కిలి వేగముగా జరుగును. చిన్న వయసుననే అండాశయములు కూడ తీయించుకొన్నవారికి ఈ నష్టము అంత ముందుగా మొదలగును. గర్భసంచి ఆపరేషనులు హెచ్చుగా జరుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి గనుక ఈ మాట మన యిండ్లకు మరింత చెందును.

పెద్ద ఆసుపత్రులలో డెక్సా స్కాన్ అను పరీక్ష గలదు. బల్లపై కొన్ని నిమిషములు పరుండిన చాలును, నొప్పి యుండదు. తుంటి, నడుము ఎముకల సాంద్రతను అది కొలుచును. కాగితముపై టి-స్కోరు, జడ్-స్కోరు అని రెండంకెలుండును. మొదటిది ఆరోగ్యవతియైన యువతి ఎముకతో పోల్చినది. రెండవది సమవయస్కులతో పోల్చినది. ముట్లుడిగినవారు చూడవలసినది మొదటిది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ప్రకారము మైనస్ 1 గాని అంతకు పైన గాని యున్నచో ఎముక సరిగా నున్నట్లు. మైనస్ 1కిని మైనస్ 2.5కిని నడుమ నున్నచో పలుచబడినట్లు, మైనస్ 2.5 గాని అంతకు దిగువ గాని యున్నచో గుల్లబారినట్లు. నడుము మైనస్ 1.4, తుంటి మైనస్ 2.7 యైనచో సగటు కట్టరాదు, తక్కువదానినే లెక్కింపవలెను. మైనస్ గుర్తు చూచి హడలిపోవుటయు తగదు, నడిమి తరగతి యని నిశ్చింతగా నుండుటయు తగదు. విరుగుడులలో పెక్కు ఆ నడిమి తరగతివారికే కలుగుచున్నవి, వారి సంఖ్య హెచ్చు గనుక. నిలుచున్న యెత్తునుండి పడినంతనే మణికట్టు విరిగినదన్న సంగతి వైద్యునికి అంకె యంత ముఖ్యము. శిబిరములలో మడమపై పెట్టి చూచు చిన్న యంత్రము ఒక సూచన మాత్రమే. దానితో రోగనిర్ణయము కాదు.

ఈ సీమవారు మరియొక చిక్కు నెరుగవలెను. పొరుగున దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో నీటి ఫ్లోరైడు వలన ఎముకలు చెడుటను 1937లో షార్టు మొదలగు వైద్యులు ప్రకటించిరి. అప్పు డవి నెల్లూరు జిల్లాలోనివి. ఇటు వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరు నీళ్లలోను ఆ దోషము గలదు. ఫ్లోరైడు చేరిన ఎముక స్కాన్‌లో దట్టముగా కనబడును, అంకె బాగుండును; కాని ఆ ఎముక పెళుసు. 1990లో అమెరికాలో ఫలితములు వెలువడిన ఒక పరీక్షలో ముట్లుడిగిన 202 మంది స్త్రీలను తీసికొని, కొందరికి దినమునకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు నాలుగేండ్లు ఇచ్చిరి. వారి నడుమెముక సాంద్రత 35 శాతము పెరిగినది. వెన్నుపూసలు విరుగుట మాత్రము తగ్గలేదు, ఇతర ఎముకలు విరుగుట హెచ్చినది! కావున అట్టి నీరు త్రాగు గ్రామమునుండి వచ్చినవారు ఆ సంగతి వైద్యునితో చెప్పి తీరవలెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు; 1.5 తుది హద్దు. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. శుద్ధిచేసిన కృష్ణ నీరు దొరకినచోట వంటకును, త్రాగుటకును దానినే వాడవలెను.

పిడుగురాళ్ల బట్టీలలో సున్నము కాలుచున్నది, మాచర్ల బండలు సున్నపురాతివే. అయినను మన యెముకలకు సున్నము కొరత! ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. శ్రీనాథుని పేరిట చాటువుల కెక్కిన పలనాటి జొన్నలో అది 100 గ్రాములకు సుమారు 25 మిల్లీగ్రాములు మాత్రమే; రాగిలో సుమారు 350. పూర్వము మన యిండ్ల నున్న రాగిసంకటిని చిన్నచూపు చూచుట పెద్ద పొరపాటు. నువ్వులు, పెరుగు, మజ్జిగ, ఆకుకూరలు, పప్పులు చేరవలెను. ఆవకాయ, ఊరమిరపలతో లోనికి పోవు ఉప్పు మాత్రము కాల్షియమును మూత్రమున వెడలగొట్టును; ఈ మాట పలనాట రుచింపదు గాని నిజము. ఎండ కావలసినంత యున్నదను ధీమాయు చెల్లదు. తిరుపతిలో జరిగిన పరిశోధనలలో దక్షిణాది స్త్రీలకు డి విటమిను లోపము విస్తారముగా కనబడినది.

నడక, మెట్లెక్కుట, బరువు మోయుట ఎముకను బలపరచును. నడుము గుల్లబారినదని తెలిసిన పిదప మాత్రము వంగి బరువెత్తరాదు. దొడ్డిలో పాచి గోకించుట, రాత్రి దీపముంచుట, కంటి శుక్లము తీయించుట కూడ ఎముకల వైద్యమే.

వైద్యుడు వారమున కొకసారి అలెండ్రోనేటు మాత్ర వ్రాసినచో పరగడుపున గ్లాసెడు మంచినీటితో మ్రింగి, అరగంట వరకు పరుండక, ఏమియు తినక యుండవలెను. లేనిచో అన్నవాహిక పుండగును. మరల స్కాన్ ఒకటి రెండేండ్లకు, వీలైనంతవరకు ఆ యంత్రముపైనే చేయించుకొనవలెను. పాత కాగితము వెంట నుండవలెను. క్రొత్త అంకె ఒక్కటి చూచి మందు పనిచేసినదో లేదో ఏ వైద్యుడును చెప్పజాలడు.