లేడిపిల్ల నడక

పరుగెత్తుచున్న గుఱ్ఱము నాలుగు కాళ్ళును ఒకేమారు నేలను విడుచునా? ఉత్త కంటితో చూచి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సాధ్యము కాదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో వద్ద ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము పరుగును తునుకలు తునుకలుగా పట్టుకొనెను. నాలుగు కాళ్ళును గాలిలో నుండుట నిజమే. కాని అది చిత్రకారులు గీయుచు వచ్చినట్లు కాళ్ళను ముందునకును వెనుకకును చాచినప్పుడు కాదు, కడుపు క్రిందికి ముడుచుకొనినప్పుడు. తరతరముల చిత్తరువులు ఆ విధముగా తప్పుపడినవి.

బొమ్మలను కదలించి చలనచిత్రములు చేయువారికి ఇట్టి సాక్ష్యము పెన్నిధియైనది. జంతువును పాత్రగా గీయవలసివచ్చినప్పుడు సజీవమైన జంతువును ఫిలిముపై పట్టి, నిలిపి నిలిపి చూచుట వారికి అలవాటైనది. అయితే చూచి నేర్చుకొనుట వేఱు, చూచి దిద్దుట వేఱు. ఫిలిమును గాజుపలకపై పడవైచి, దానిపై కాగితముంచి, ఒక్కొక్క బొమ్మనే దిద్దుకొను యంత్రమునకు మాక్స్ ఫ్లైషర్ 1915లో హక్కుపత్రము కోరెను; 1917లో అది లభించెను.

ఈ దిద్దుటలో మేమును చేతులు కాల్చుకొంటిమి. ఒకప్పుడు మేము కొందఱము ఒక చిన్న కథకై ఆవుదూడ గంతులను ఫిలిము తీసి, బొమ్మ వెంట బొమ్మ దిద్దితిమి. సెకండునకు 24 బొమ్మలు. కొలతలో తప్పు లేదు. తెరపై చూతుము గదా, దూడ నేలమీద తేలిపోవుచున్నది! బరువు లేదు, ఉత్సాహము లేదు. ఫిలిములో కండల నీడలును, రోమముల మెఱుపును కలిసి బరువును తెలుపుచుండెను. మా గీతకు ఆ సాయము లేదు. గీత ఒక్కటియే ఆ బరువును మోయవలెనన్న, నేలను తాకునప్పుడు కాలిని నిజముకంటె ఎక్కువగా కుంగదీయవలెను. లేచునప్పుడు మెడను ఎక్కువగా సాచవలెను. ఆ ఎక్కువ యెంతయో ఫిలిము చెప్పదు.

ఈ సంగతి బాగుగ ఎఱిగినవారు 1942లో విడుదలయైన ‘బాంబి’ చిత్రమును గీచినవారు. ఫెలిక్స్ సాల్టెన్ జర్మను నవలలోని లేడి ఐరోపా జాతిది. డిస్నీ స్టూడియోవారు దానిని అమెరికాలోని తెల్లతోక లేడిగా మార్చి, మెయిన్ రాష్ట్రమునుండి రెండు లేడిపిల్లలను తెప్పించిరి. అవి స్టూడియోలో పెరుగుచుండగా చిత్రకారులు చూచుచు గీయుచుండిరి. అంతటితో తృప్తిపడక, రికో లెబ్రన్ అను చిత్రకారునిచే ఎముకలు మొదలుకొని పాఠములు చెప్పించుకొనిరి.

ఎముకల కూర్పు తెలియనివాడు ఫిలిము చూచియు మోసపోవును. లేడి వెనుకకాలిలో వెనుకకు వంగునది మోకాలని తోచును, అది మడమ. మోకాలు పైన, పొట్టప్రక్క దాగియుండును. మనకు మెడక్రింద నుండు అడ్డయెముక దానికి లేదు; ముందుకాళ్ళను మొండెముతో కలుపునవి కండరములే. అందువలన బరువు మోపిన ప్రక్క భుజపుటెముక పైకి పొడుచుకొనివచ్చును. శ్రోతలు రేపు తమ వీధిని పోవు ఆవును ఈ దృష్టితో చూతురుగాక. ఎడమ వెనుకకాలు, ఎడమ ముందుకాలు, పిమ్మట కుడి వెనుకకాలు, కుడి ముందుకాలు: ఇదియే దాని నడక వరుస. రేడియోలో బొమ్మలను గూర్చి మాటలాడువారికి ఆవులే దిక్కు!

ముఖము దగ్గఱ మఱియొక చిక్కు. లేడి కన్నులు తలకు రెండు ప్రక్కల నుండును, ముట్టె పొడవు, సంతోషమునకును దుఃఖమునకును దాని ముఖము ఇంచుమించు ఒక్కటియే. ఇక్కడ ఫిలిము మౌనము వహించును. మార్క్ డేవిస్ మనుష్యశిశువుల ముఖభావములను పరిశీలించి, లేడితనము చెడకుండ, వానిని లేడిపిల్ల ముఖమునకు తెచ్చెను. ఇది అసత్యమని జంతుశాస్త్రజ్ఞులు ఆక్షేపింపవచ్చును. నడక సత్యమైనందుననే ఆ ముఖమును మేము నమ్మగలిగితిమి.

గడ్డకట్టిన మడుగుపై బాంబి జాఱిపడు ఘట్టమును ఫ్రాంక్ థామస్ గీచెను. కుందేలు ఒక కాలిని నిలబెట్టగా మఱియొకటి జాఱును. అట్టి వినోదమును ఏ కెమెరాయు తెచ్చి ఇయ్యజాలదు. కాని ఏ కీలు ఎంతవఱకు వంగునో గీచువాని చేతికి తెలిసియుండెను.

మేము మా ఫిలిమును ప్రక్కన బెట్టి, దూడ కొట్టము కడకు పోయి కొన్నాళ్ళు కూర్చుంటిమి. రెండవమారు గీచినప్పుడు ఫిలిమును ఎదుట ఉంచుకొంటిమి గాని కాగితము క్రింద ఉంచుకొనలేదు. ఈసారి దూడ నేలను తన్ని లేచినది.