నీళ్లు గీత దాటుతున్నాయి, మన మాట దాటట్లేదు



మీలో చాలామంది విశాఖ హాస్టళ్లలో ఉండి చదువుకున్నోళ్లే. అక్కడ కుళాయిలో వచ్చే నీళ్లు ఎక్కడివో ఎప్పుడైనా అడిగారా? గోస్తనీ నది మన అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల గుండా పారి, కిందికి దిగి తాటిపూడి రిజర్వాయర్ చేరుతుంది. అక్కడి నుంచి విశాఖకు పోతుంది.

ఆ నగరం ఇప్పుడు నాలుగు దిక్కులా పాకుతోంది. లేఅవుట్ పడితే చెరువు, గెడ్డ, పంటభూమి సిమెంటు కిందికి పోతాయి. వానొస్తే నేల తాగదు, వీధి మునుగుతుంది. ఎండొస్తే బోరు ఎండుతుంది. అప్పుడు అందరి చూపూ కొండ మీదే. ఇంకొన్ని నీళ్లు కావాలి, ఇంకొంత రాయి కావాలి, సెలవులకు రిసార్టు కావాలి. పట్నం పెరిగిన ఖర్చు మన ఊటలు కడుతున్నాయి.

మరి ఆ ప్లాన్ రాసేచోట మనమున్నామా? 10 లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతానికి ప్లానింగ్ కమిటీ ఉండాలని రాజ్యాంగం 243 జెడ్‌ఈ అధికరణం చెప్తోంది. అందులో కనీసం మూడింట రెండొంతుల మంది మున్సిపాలిటీల, పంచాయతీల ప్రతినిధుల నుంచి ఎన్నికవ్వాలి. నీళ్ల పంపకం, పర్యావరణ రక్షణ కూడా ఆ ప్లాన్‌లో చూడాలి. కానీ 243 జెడ్‌సీ ప్రకారం ఆ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. మున్సిపాలిటీ వచ్చి మన ఊళ్లను కలిపేసుకోకుండా అది మనకు కంచె. ఆ కంచె ఉండాల్సిందే. అయితే నీళ్లిచ్చే ఊరికి కమిటీలో చోటు లేకపోవడమేంటి?

మన చేతిలో ఉన్నది వాడదాం. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్, నీటి వనరులను, పరివాహక ప్రాంతాలను కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. 1997 సమత తీర్పు ఈ అనంతగిరి మండలం గనుల కేసులోనే వచ్చిందని మర్చిపోకండి.

ఊరెళ్లాక పెద్దోళ్లను కూర్చోబెట్టి, ప్రతి గెడ్డ, ప్రతి ఊట పేరు రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు ఆ తీర్మానం ఇచ్చి రసీదు తీసుకోండి. మ్యాపు తెలుగులో అడగండి. కింద ఇళ్లు కట్టే ముందు, పైన నీళ్లిచ్చే గ్రామసభను అడగాలి. ఇదే మన డిమాండ్.

జల్, జంగల్, జమీన్ మనవి. ప్లాన్‌లో మాట కూడా మనదే కావాలి. జై ఆదివాసీ!