రక్తంలో తేలే కొవ్వు

కొవ్వు నీళ్లలో కలవదు కదా, మరి రక్తంలో ఎలా తిరుగుతుంది? ప్రొటీన్ తొడుక్కున్న సూక్ష్మ రేణువుల్లో. వీటినే లైపోప్రొటీన్లు అంటారు. భోజనం చేశాక తీసిన రక్తపు సీరాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే, ఒక్కోసారి పొద్దుటికి పైన మీగడలా తెల్లటి పొర కడుతుంది. అవి కైలోమైక్రాన్లు, తిన్న కొవ్వును మోసుకొచ్చినవి. మిగతా రకాలు అంత తేలిగ్గా బయటపడవు.

1940ల చివర అమెరికాలోని బర్క్‌లీలో జాన్ గాఫ్‌మన్ బృందం ఒక కిటుకు పట్టింది. సీరంలో ఉప్పు కలిపి సాంద్రతను 1.063 దాకా పెంచి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో అతివేగంగా తిప్పారు. తక్కువ సాంద్రత రకమైన ఎల్‌డీఎల్ పైకి తేలింది, ఎక్కువ సాంద్రత రకమైన హెచ్‌డీఎల్ కిందే ఉండిపోయింది. ఈ రేణువులు మోసే కొలెస్ట్రాల్ మొత్తం ఎంతన్నది కాదు, ఏ రేణువులో ఉందన్నది చూడాలని గాఫ్‌మన్ 1950లోనే వాదించాడు.

అయితే ఆ యంత్రం ఖరీదు, పనీ గంటల తరబడి. అందుకే 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌కు ఒక లెక్క చెప్పారు. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో మొత్తం కొలెస్ట్రాల్ 200, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 150 అనుకోండి. 200 లోంచి 40, ఆపైన 150లో అయిదో వంతు 30 తీసేస్తే ఎల్‌డీఎల్ 130. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ ఇప్పటికీ ఇలా లెక్కగట్టిందే, నేరుగా కొలిచింది కాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. అలాంటి రిపోర్టు చేతికొస్తే, డైరెక్ట్ ఎల్‌డీఎల్ పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి.