మీథేన్, సిలేన్
(పాఠశాల విజ్ఞాన సంఘ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మూలకముల పట్టికలో కర్బనము క్రింది గడిలోనే సిలికాన్ ఉన్నది. కావున ఒకదాని గుణములు తెలిసినచో రెండవదానివి తెలిసినట్లేయని నేను తరగతిలో పలుమార్లు చెప్పితిని. గత పరీక్షలో ఒక బాలుడు, సిలేన్ కూడ మీథేన్ వలెనే అగ్గిపుల్ల గీచిన గాని వెలుగదని వ్రాసెను. మార్కు తగ్గించితిని గాని తప్పు వానిది కాదు, నాది. దానిని దిద్దుకొనుటకే నేడు నిలిచితిని.

మీథేన్‌లో ఒక కర్బన పరమాణువునకు నాలుగు ఉదజని పరమాణువులు. సిలేన్‌లో ఒక సిలికాన్ పరమాణువునకు నాలుగు. ఆకారమొక్కటే. కాని మీథేన్ గాలిలో కలిసినను నిప్పు తగులనిదే మండదు. సిలేన్ గాలి సోకినంతనే సాధారణముగా తనంతట తానే భగ్గుమనును. మీథేన్ మండగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోవును. సిలేన్ మండగా తెల్లని పొడి మిగులును. అది సిలికా, మన యేటి ఇసుకలోని పదార్థమే.

ఏల ఇట్లు? సిలికాన్ పరమాణువు పెద్దది. జంట కర్బన పరమాణువుల నడిమి దూరము 154 పికోమీటర్లు. జంట సిలికాన్ పరమాణువుల నడుమ 235. పికోమీటరనగా మీటరులో లక్ష కోట్లవ వంతు. దూరము పెరిగినకొలది పట్టు సడలును. పాలిథీన్‌లో కర్బనపు గొలుసు వేలకొలది పరమాణువుల పొడవున సాగగా, సిలేన్ల గొలుసు పెరిగినకొలది నిలుకడ తప్పును. పైగా సిలికాన్‌కు ఆమ్లజనిపై మక్కువ మెండు.

సిలేన్‌ను 1857లో జర్మనీలో వోలర్, బఫ్ అనువారు తయారుచేసిరి. ఈ కుటుంబమును శ్రద్ధగా శోధించినవాడు ఆల్ఫ్రెడ్ స్టాక్. గాలి చొరని గాజు గొట్టముల పరికరమును నిర్మించి, దాని కవాటములకు పాదరసము వాడెను. అగ్నిని తప్పించుకొనెను; పాదరసపు ఆవిరిని మాత్రము ఏండ్ల తరబడి పీల్చెను. తలనొప్పి, మతిమరపు ఆయనను క్రుంగదీసెను. కారణము తెలిసిన పిదప దాచుకొనక, 1926లో తన బాధను ప్రకటించి తోటివారిని హెచ్చరించెను. ఉష్ణమాపకము పగిలిననాడు పాదరసపు బిందువులను అరచేతిలో దొర్లించినవారు ఈ సభలో కొందరున్నారు. వారిది ప్రత్యేకముగా వినవలెను.

నేడు సిలేన్‌ను వేడిచేసి విడగొట్టి, కంప్యూటరు చిప్పులపై సిలికాన్ పలుచని పొరగా పేర్చుచున్నారు. ఆ కర్మాగారములలో సిలేన్ గొట్టములోనికి గాలి చొరకుండ ఈనాటికిని మిక్కిలి జాగ్రత్త పడుదురు.