పిచ్చిది అన్న ముద్ర ఎవరికి లాభం?



పార్క్ చాన్ ఊక్ 2016లో తీసిన కొరియా సినిమా 'ది హ్యాండ్‌మెయిడెన్' గురించి నాలుగు మాటలు చెబుతాను. దీనికి ఆధారం సారా వాటర్స్ 2002లో రాసిన 'ఫింగర్‌స్మిత్' నవల. ఇంగ్లండు కథని 1930లలో, జపాన్ పాలనలో ఉన్న కొరియాకి మార్చారు.

హిడెకో ఆస్తిపరురాలు. సంరక్షకుడైన బంధువే ఆ ఆస్తి కోసం ఆమెని పెళ్లాడాలని చూస్తుంటాడు. ఆమెచేత బూతు పుస్తకాలు చదివించి పెద్దమనుషులకి వినిపిస్తాడు. ప్రభువునని చెప్పుకునే మరో మోసగాడు ఆమెని పెళ్లాడి, పిచ్చాసుపత్రిలో పడేసి, డబ్బు కాజేయాలనుకుంటాడు. అందుకు జేబుదొంగ సూక్-హీని పనిపిల్లగా పంపుతాడు. తీరా ఆసుపత్రి పాలయ్యేది సూక్-హీ. దాని వెనక ఇంకో మలుపు ఉంది: ప్రేమించుకున్న ఆ ఆడవాళ్లిద్దరూ ముందే ఒక్కటై అతన్నే మోసగించారు.

ఆ మోసగాడికి కొత్త ఆయుధమేదీ అక్కర్లేకపోయింది. భర్త హోదా, డాక్టరు మాట చాలు. ఒకసారి 'పిచ్చిది' అన్నాక ఆమె ఎంత కాదని అరిస్తే అంత రుజువు!

ప్రేమ దృశ్యాల్లో కెమెరా మగవాడి చూపుతోనే చూసిందన్న విమర్శ ఉంది. నాకూ అది కొంత నిజమే అనిపించింది. పుస్తకాలు వినే ఆ పెద్దమనుషుల పక్కన మనకీ కుర్చీ వేసింది. అయితే ఆ పుస్తకాలని సూక్-హీ చింపి పోగులు పెడుతుంటే, హిడెకో కూడా చేయి కలపడం మర్చిపోలేం.

మోసం చేస్తే తప్ప బయటపడలేకపోయారంటే, న్యాయంగా బయటపడే దారి వాళ్లకి లేదన్నమాట. ఆ దారి వేయడమే మన పని.