తుక్కులోని లోహములు
(సాంస్కృతిక సంఘ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో చిల్లు పడిన బిందె, తిరుగని పంకా, పగిలిన కుళాయి, మూత లేని కుక్కరు అన్నియు నొకే మూలకు చేరును. పాత సామానులు కొనువాడు వచ్చి, అన్నింటిని కలిపి త్రాసున పెట్టి, ఇనుము ధర కట్టి తీసికొనిపోవును. ఇంటిలో చోటు కలసివచ్చినదని ఇల్లాలు సంతోషించును. ఆ మూటలో రాగి యెంత, ఇత్తడి యెంత, అల్యూమినియ మెంత అను సంగతి కొన్నవానికి తెలియును, అమ్మినవారికి తెలియదు. వాని లాభమంతయు ఆ తెలియమిలోనే యున్నది. ఇంటి విషయమున ఈ నష్టము కొలదిపాటి రూపాయలతో పోవును. కార్యాలయపు తుక్కు విషయమున నష్టపడునది ప్రభుత్వ ధనము. ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణము. అందుచేత లోహములను గుర్తించు విద్య కార్ఖానావారికే గాక కాగితములపై సంతకములు చేయువారికిని అవసరమైనది.

ఈ విద్యకు ఖరగపూరు వంటి బడి తెలుగువారికి మరియొకటి లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తూర్పుతీర మార్గములో వాల్తేరు, కటకముల నడుమ భాగము 1902లో ఆ కంపెనీలో కలసెను. ఖరగపూరున పెద్ద కార్ఖానా వెలసిన కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల జనమునకు ఆ రైలుమార్గమే బ్రతుకుతెరువైనది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, కమ్మరులుగా, మోల్డర్లుగా వచ్చిన తెలుగువారు అక్కడనే కాపురములు నిలిపినారు. 1944లో ఆ రైల్వే ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. ఏలుబడి మారినను కార్ఖానా పని తీరు మారలేదు. బండిని విప్పవలెను, అరిగినదానిని తొలగింపవలెను, మంచిదానిని బిగింపవలెను. ఇట్టి పని జరుగుచోట తుక్కు పుట్టక తప్పదు.

రైల్వేలో అరిగినదెల్లయు తుక్కు కాదు. ప్రధాన మార్గమునుండి ఊడదీసిన పట్టాలను పరీక్షించి, ఇంకను పనికివచ్చువానిని యార్డులకును, వేగము తక్కువగల మార్గములకును వాడుదురు. అందుకును పనికిరానిదే తుక్కు జాబితాకెక్కును. ఆ జాబితాలోనైనను అన్నియు ఒక జాతివి కావు. పట్టా కర్బనము హెచ్చుగాగల గట్టి ఉక్కు. పాతకాలపు బ్రేకుదిమ్మలు పోత ఇనుము. కాంక్రీటు స్లీపర్లు రాకపూర్వము విరివిగా వాడబడిన సి.ఎస్.టి.-9 స్లీపరులో రెండు లోహములు కలవు: ఇరువైపుల పళ్లెములు పోత ఇనుము, నడుమ కట్టు మెత్తని ఉక్కు. దానిని విడదీయక తూచినచో రెండింటి విలువయు చెడును. పట్టాలు ఒకదానినొకటి దాటుచోట నుండు క్రాసింగు ఇంకను చిత్రమైనది. దానిలో నూటికి 12 మొదలు 14 పాళ్ల వరకు మాంగనీసుండును. చూచుటకు ఇనుమే, కాని అయస్కాంత మంటదు.

పరీక్షలలో మొదటిది అయస్కాంతము. మెత్తని ఉక్కు, పోత ఇనుము అంటుకొనును. రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియము, సీసము అంటుకొనవు. వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలులో నికెలు కలిసిన మేలురకము సాధారణముగా అంటుకొనదు. నికెలు లేని రకములలో పెక్కు అంటుకొనును. కావున అయస్కాంత మంటనంతమాత్రమున ఇనుము కాదనుట పొరపాటు. దాని తరువాత రెండవ పరీక్ష అవసరము.

ఆ రెండవది ఆకురాయి. పైపూత మోసము చేయును. తెల్లగా మెరయు కుళాయిని ఒకచోట రాచినచో లోపల పసుపువన్నె కనబడును. అది ఇత్తడి, అనగా రాగియు తుత్తునాగమును కలిసినది. ఎరుపు తేలినచో రాగి. ఎరుపు పసుపుల నడిమి వన్నెయైనచో, రాగికి తగరమును, తుత్తునాగమును కలిపిన గన్‌మెటల్ కావచ్చును. పంకా మోటారులోని చుట్ట యెర్రగా నున్నంతమాత్రమున నమ్మరాదు. అల్యూమినియపు తీగకును అట్టి రంగు పూత యుండును. చివర గీకి చూడవలెను.

మూడవది బరువు. నీటితో పోల్చినచో అల్యూమినియము 2.7 రెట్లు, ఇనుము 7.9 రెట్లు, రాగి 8.9 రెట్లు, సీసము 11.3 రెట్లు బరువైనవి. నాలుగవది ధ్వని. సుత్తితో తట్టగా కంచు ఖంగుమనును. సీసము మూగది, గోటితో గీచినను గాటు పడును.

కార్ఖానాలో ఎక్కువగా నమ్మునది నిప్పురవ్వల పరీక్ష. తిరుగుచున్న సానచక్రమునకు ముక్క నానించినప్పుడు మెత్తని ఉక్కు పొడవైన లేతపసుపు ధారలను విడుచును. చివర పువ్వులు తక్కువ. కర్బనము హెచ్చినకొలది ధార కాకరపువ్వొత్తివలె చిట్లును. పోత ఇనుము రవ్వలు పొట్టివి, ఎరుపు తిరిగినవి. రాగికిని అల్యూమినియమునకును రవ్వలే లేవు. అనుభవజ్ఞుడైన కమ్మరి ఈ రవ్వలను చూచి ఉక్కు జాతి చెప్పగలడు.

ఇంత శ్రమ యెందుకని యెవరైన అడుగవచ్చును. అంతయు కొలిమిలో కరగునదేగదా యనుకొనుట సహజము. కొలిమి కరగించును గాని అన్నింటిని వేరుచేయదు. ఉక్కు తుక్కుతో మోటారు చుట్టలు కలిసిపోయినచో రాగి ఆ ఉక్కులోనే నిలిచిపోవును. దానిని తరువాత వెలికి తీయుట ఆచరణలో సాధ్యము కాదు. అట్టి ఉక్కును ఎర్రగా కాల్చి సాగదీయునప్పుడు పైభాగమున పగుళ్లు పుట్టును. కరగించిన ప్రతిసారియు ఆ దోషము పేరుకొనుచుండును. అందుచే వేరుచేయుట కొలిమికి ముందే, మనిషి చేతిమీదుగా జరుగవలెను.

వేరుచేసిన తుక్కు ఎంతటి సంపదయో బెంగుళూరు సమీపమున యెలహంకలోని రైలు చక్రముల కార్ఖానా చూపుచున్నది. 1984లో పని మొదలిడిన ఆ కార్ఖానాలో అరిగిన చక్రములు, ఇరుసులు విద్యుత్ కొలిములలో కరగి మరల చక్రములగుచున్నవి. వాని జాతి ముందే తెలియుటచేతనే అది సాధ్యమైనది. ఒక టన్ను తుక్కు వాడినచో 1.1 టన్నుల ఇనుప ఖనిజమును, 630 కిలోల కోకింగు బొగ్గును మిగులునని భారత ప్రభుత్వపు 2019 నాటి ఉక్కు తుక్కు విధానము చెప్పుచున్నది. అల్యూమినియమును తుక్కునుండి తీయుటకు, ఖనిజమునుండి తీయుటకు పట్టు శక్తిలో నూటికి అయిదు పాళ్లే చాలును.

ఇక గుర్తింపని తుక్కు ఫలమును ఢిల్లీ వాసులు 2010లో చూచినారు. విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగమున 1968లో కొనబడి, 1985 నుండి వాడుకలో లేని గామా కిరణ యంత్రమొకటి ఆ యేడు వేలములో తుక్కు క్రింద అమ్ముడైనది. మాయాపురి తుక్కు బజారులో దానిని ఊడదీసినారు. లోపల కోబాల్టు-60 ఉన్నది. దాని కిరణములకు రంగు లేదు, వాసన లేదు. ఏ సానచక్రమును దానిని పట్టి యీయలేదు. పలువురు ఆసుపత్రి పాలైరి; ఒక కార్మికుడు మరణించెను. ఆ యంత్రమేమో కొన్న దినములలో కాగితములపై వ్రాయబడియే యుండును. అమ్ముదినమున ఆ కాగితమును వెదకినవారు లేకపోయిరి. పేరు తెలియని వస్తువును తుక్కని వ్రాయరాదన్న నియమమునకు ఇంతకంటె గట్టి సాక్ష్య మేమి కావలెను?

ఖరగపూరునకు సంబంధించిన మరియొక కఠినసత్యమును దాచరాదు. విలువగల చోట ఆశ చేరును. రైల్వే తుక్కు చుట్టు ఆ పట్టణమున బెదరింపులు, ముఠాలు, హత్యలు కూడ పుట్టిన సంగతి పత్రికలు చదువువారికి తెలిసినదే. ఆ వార్తలలో తెలుగు పేర్లును వినబడుట మనకు తలవంపే. రైల్వే ఆస్తిని అక్రమముగా కలిగియుండుటకు 1966 నాటి చట్టము అయిదేండ్ల వరకు కారాగారము విధించును. వేలము నేడు కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. గుంపు కట్టి కొనుగోలుదారులను అడ్డగించుటకు మునుపటి వీలు లేదు. అయినను ఏ యంత్రమునకైనను మొదట అందవలసినది సరియైన జాబితా. ఇత్తడి కుప్పను "మిశ్రమ తుక్కు" అని వ్రాసిన కలమే దొంగకు మొదటి తలుపు తీయును. లోహ మెరిగిన ఫిట్టరును, అక్షర మెరిగిన గుమాస్తాయు కలిసి నిలిచి వ్రాసిన జాబితాలో ఆ తలుపు మూసికొనును.

గృహస్థులకు కొన్ని మాటలు చెప్పి ఈ ప్రసంగమును ముగింపవచ్చును. పాత సామానును ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియము అని వేరు సంచులలో నుంచుడు. రాగికొరకు తీగల తొడుగును కాల్చకుడు. ఆ పొగ విషము. పాత బ్యాటరీని పెరటిలో పగులగొట్టకుడు. అందలి సీసము పసిపిల్లల మెదడును చెరచును. దానిని అమ్మిన దుకాణమునకే తిరిగి యీయుడు. మూసియున్న సిలిండరును సుత్తితో తాకకుడు. పిల్లల చేతికి ఒక అయస్కాంతము నిచ్చి, ఇంటిలోని సామానులో ఏది దేనితో చేయబడినదో కనుగొనుమనుడు. ఖరగపూరు కార్ఖానాలో మన తాతలు చెమటోడ్చి నేర్చిన విద్యలో తొలి పాఠము వారికట్లు దక్కును.