కాగితం మీద వయసు, ఖాతా మీద పేరు
(మండపేట మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన మండపేట, ఆలమూరు, రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు చూపించి "వెళ్లినవాళ్లు బాగుపడ్డారు" అంటారు. ఆ ఇంటి ఆడమనిషి ఏ కాగితాలతో వెళ్లింది, పంపిన డబ్బు ఎవరి చేతిలో పడింది అని మాత్రం ఎవరూ అడగరు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి అడగాలని నేనంటున్నాను.

నా దగ్గరకు వచ్చిన ఒక చెల్లెలి సంగతి చెబుతాను. ఊడ్పులకూ కోతలకూ వెళ్లి బతికే కుటుంబం. కోత యంత్రాలు వచ్చాక పని తగ్గింది, అప్పు పెరిగింది. 2014లో కువైట్‌లో ఇంటిపనికి బయలుదేరేనాటికి ఆమెకు 26 ఏళ్లు. పదో తరగతి పాసవని స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ వలస అనుమతి ఉండాలి. ఏజెంటు వయసు పెంచి, ఇంటిపేరు మార్చి పాస్‌పోర్టు తీయించాడు. అనుమతి అడగకుండా విజిటింగ్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడి నుంచి కువైట్ చేర్చాడు.

నాలుగేళ్లు చేసింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర. చివరి ఎనిమిది నెలల జీతం ఇవ్వలేదు. ఇంటి పనివాళ్ల కోసం కువైట్‌లో 2015లో చట్టం వచ్చింది. వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు అని అందులో ఉంది. మరి ఫిర్యాదు ఎందుకు చేయలేదమ్మా అని అడిగాను. "కాగితాల్లో అబద్ధం నాదేగా అక్కా, నన్నే జైల్లో పెడతారని భయమేసింది" అంది. ఆ భయం ఉత్తిది కాదు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం తెలిసి తప్పుడు వివరాలివ్వడం నేరం. అబద్ధం రాసింది ఏజెంటు. సంతకం పెట్టింది ఆమె. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించాక ఔట్‌పాస్ మీద ఇల్లు చేరింది.

వచ్చి చూస్తే నెలనెలా పంపిన డబ్బంతా భర్త ఖాతాలోకి వెళ్లింది. స్థలం అత్తగారి పేరున ఉంది. ఇది నా కష్టమని చూపడానికి ఆమె దగ్గర ఒప్పందం లేదు, జీతం చీటీ లేదు, సొంత ఖాతా లేదు. పనిచేసినట్టే రుజువు లేని మనిషి డబ్బు నాదని ఎలా అడుగుతుంది?

2023-24లో మన దేశానికి విదేశాల నుంచి సుమారు 11,870 కోట్ల డాలర్లు వచ్చాయని రిజర్వు బ్యాంకు లెక్క. అందులో మూడో వంతుకు పైగా గల్ఫ్ దేశాలదే. ఇళ్లు తుడిచి, అంట్లు తోమిన చేతుల డబ్బు కూడా అందులో ఉంది.

30 ఏళ్ల నిబంధన రక్షణ కోసమే పెట్టామంటారు. అప్పు మాత్రం 30 ఏళ్లు నిండేదాకా ఆగదు. తలుపు మూస్తే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు, అక్కడ ఏజెంటు కాచుకుని ఉంటాడు. అలా వెళ్లినవాళ్లకు బీమా కూడా దక్కదు. వలస అనుమతితో ముడిపడిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు ఉంది.

కాబట్టి ఊళ్లలో మనం చేయాల్సిన పని ఇది. వెళ్లే మనిషిని ఆపొద్దు, తిట్టొద్దు. ఇంటిపనికి ఇలా వెళ్లే స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది, మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్ అని చెప్పాలి. వీసా, పాస్‌పోర్టు, ఒప్పందం నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉంచాలి. ఆమె పేరున ఖాతా తెరిపించి, అందులో కొంతైనా ప్రతినెలా పడేలా చూడాలి. మోసపోయి తిరిగొచ్చిన స్త్రీని నిందితురాలిగా కాక సాక్షిగా చూడాలని పోలీసులనూ ప్రభుత్వాన్నీ అడగాలి.

ఆ చెల్లెలు ఇప్పుడు తన అసలు వయసుతో, అసలు పేరుతో ఏజెంటు మీద ఫిర్యాదు రాసింది. ఠాణాకు ఒంటరిగా వెళ్లనివ్వకండి. మనమంతా కలిసి వెళదాం.